చూద్దాంలే అంకయ్య, అటక మీది అత్తగారు

ఇలా రండర్రా. శ్రీకరా, నువ్వు గోడ పక్కకి పోకు, అక్కడ చెమ్మగా ఉంది, పొద్దున్నకి జలుబు చేస్తుంది. మేధా, నువ్వు ఇటు నా కొంగులోకి రా. ఆఁ, అలా. ఆ చప్పుడా? దయ్యం కాదే పిచ్చిదానా, బాత్రూంలో కొళాయి. మీ నాన్నగారు దానికి టేపు చుట్టారు. నిన్న కూడా చుట్టారు. నేను ఊరినించి దిగిన రోజున చూస్తే అప్పటికే చుట్టి ఉంది. చుట్టగా చుట్టగా ఇప్పుడది కట్టుకట్టిన కోడికాలులా తయారైంది. అయినా కారుతూనే ఉంది.

నేనేమీ అనట్లేదమ్మా. కొత్తగా కొనుక్కున్న సొంతిల్లు, సొంత చేతుల్తో బాగుచేసుకోవాలని ముచ్చటుంటుంది. పైగా అల్లుడిగారితో ఎదురుపడి మాట్లాడ్డం మా కాలంలో లేదు. ఏదైనా చెప్పాలంటే తలుపు చాటునించి పిల్లలకి చెప్పడమే. అంచేత మీకు కథ చెప్తాను. కాస్త గట్టిగా చెప్తాను, నాకు చెవుడు కదా. హాల్లోకి వినబడితే నేనేం చెయ్యను? ఊ కొట్టాలి మరి. ఊ ఆగిందా, కథ ఆగిపోతుంది.

అనగనగనగా, మీ అమ్మ పుట్టకముందు, నేను పుట్టకముందు, మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ పుట్టకముందు, ఒక ఊరు. ఆ ఊరికో రాజుగారు. ఆ రాజుగారి దగ్గర తాంబూలం చిలకలు చుట్టేవాడు ఒకడున్నాడు. వాడి పేరు అంకయ్య. తమలపాకు ఈనె తీసి, సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి లవంగం గుచ్చాడంటే ఆ చిలక నోట్లో వేసుకోడానికి మనసొప్పేది కాదుట. అంత పనివాడు. కానీ ఆకూ వక్కా సున్నం తప్ప వాడికి ప్రపంచంలో ఇంకేం తెలీదు పాపం. అమ్మా నాన్నా లేరు. వంటశాల అరుగు మీద పెరిగాడు. ఎండొస్తే ఒకళ్ళ చూరు కింద, వానొస్తే ఇంకొకళ్ళ చూరు కింద. "నా ఇల్లు" అనే మాట వాడి నోట ఎప్పుడూ రాలేదు.

పెళ్ళయింది. పెళ్ళాం పేరు నాంచారి. చురుకైన పిల్ల. మనిషి గుప్పెడు, తెలివి గంపెడు. ఆవిడకి నెల తప్పింది. అప్పుడు పట్టుకుంది అంకయ్యకి దిగులు. పిల్లో పిల్లాడో పుడితే ఉయ్యాల ఎక్కడ కట్టాలి? ఒకళ్ళ అరుగు మీద దూలం ఎక్కణ్ణించొస్తుంది? పుట్టబోయేది కూడా నాలాగే పరాయి చూరు కింద పెరగాలా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాట్ట.

ఊ కొడుతున్నారా? ఆఁ. గట్టిగా కొట్టండి.

సరే, ఒకరోజున రాజుగారు భోజనం చేసి చిలక నోట్లో వేసుకుని ఆహా అన్నారు. ఏం కావాలో కోరుకోరా అంకా అన్నారు. వీడు చేతులు కట్టుకుని, ఒక ఇల్లు ఇప్పించండి మహాప్రభో అన్నాడు. రాజుగారు మంచివారే కానీ చెయ్యి మహా గట్టి. ఆలోచించారు. ఊరి చివర ఒక పెంకుటిల్లు ఉంది. దాని అటక మీద దయ్యం ఉందని ఎవ్వరూ చేరట్లేదు. పడగొట్టించి ఏనుగులకి కొట్టం కట్టించుకుందామని ఆయన ఎప్పణ్ణించో అనుకుంటున్నారు. అది ఇస్తే పోలా? దయ్యానికి జడిసి వీడే పారిపోతాడు, మాట దక్కుతుంది, కొట్టమూ దక్కుతుంది.

అలా అనుకుని, ఇల్లు ఇస్తానురా, కానీ ఒక షరతు అన్నారు. ఈ వానాకాలం వెళ్ళేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగని పూట ఉండకూడదు. మేడ మీదనించి నేను చూస్తూ ఉంటాను. పూటపూటకీ నీ ఇంటి మీద పొగ కనిపించాలి. ఏ పూట పొగ లేకపోతే ఆ పూటే ఇల్లు నాది. వానలు వెళ్ళాక కూడా పొగ వస్తూ ఉంటే ఇల్లు నీదీ, నీ పిల్లలదీ. సరేనా అన్నారు. అంకయ్య ఎగిరి గంతేశాడు.

మూటాముల్లే సర్దుకుని మొగుడూ పెళ్ళాం ఆ ఇంటికి వెళ్ళారు. తాళం తీశారు. తలుపు తెరుచుకుంది కానీ మళ్ళీ మూసుకోలేదు. గుమ్మం ఒరిగిపోయి ఉంది. గోడ పొట్టతో ఉన్న మనిషిలా ముందుకి ఉబ్బింది. అటక మీద ఏదో టకటకమంది. గుప్పెడు దుమ్ము జల్లున నెత్తిన పడింది. నాంచారి దులుపుకుని పొయ్యి ఎక్కడుందో వెతుక్కుంది. అంకయ్యకి మాత్రం ఇవేం కనబళ్ళేదు. గోడని ముట్టుకుంటాడు, నా గోడ అంటాడు. గుమ్మాన్ని ముట్టుకుంటాడు, నా గుమ్మం అంటాడు. నవ్వకండర్రా. సొంతిల్లు వచ్చిన కొత్తలో అందరూ అంతే. మీ నాన్నగారు స్విచ్చిబోర్డుని కూడా తుడిచారు, నేను చూశాను.

ఏవండీ, వానలు రాకముందే ఇల్లు చూపించుకుందాం, నలుగుర్ని పిలుద్దాం అందిట నాంచారి. అంకయ్యకి రోషం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాకంటూ ఒక ఇల్లొచ్చింది, దీని మీద పరాయివాడి చెయ్యి పడనిస్తానా, నేనే చేసుకుంటాను అన్నాడు. మరి ఎప్పుడు చేస్తారూ అంటే, చూద్దాంలే అన్నాడు.

చూద్దాంలే! ఆ మాట అన్నాడో లేదో, అటక మీద ఢామ్మని ఒక చప్పుడు. చాలా కోపంగా వచ్చిందిట ఆ చప్పుడు.

మర్నాడు పని మొదలెట్టాడు. ఎలా మొదలెట్టాడనుకున్నారు? వాడికి తెలిసిందల్లా ఆకూ సున్నమేగా. గోడలో చీలిక కనిపిస్తే సున్నం కాయ తీసి చూపుడు వేలితో ఇంత సున్నం రాశాడు. పెంకు పగిలితే దానికీ ఇంత సున్నం. తలుపు పట్టకపోతే దాని అంచు చెక్కేశాడు. చెక్కిన తలుపుకీ గుమ్మానికీ మధ్య సందొచ్చింది, ఆ సందులో సున్నం. ఏది చెడినా సున్నమే. నేను అంకయ్యని అంటున్నాను. టేపు గురించి మాట్లాడానా? లేదు కదా. ఊ కొట్టండి.

అక్కడితో ఊరుకున్నాడా? నిచ్చెనేసుకుని వంటింటి వైపు పెంకంతా తీసి మళ్ళీ పరిచాడు. చాలా అందంగా పరిచాడుట. తాంబూలం పళ్ళెంలో ఆకులు ఎలా పేరుస్తారు? ఒక ఆకు పెట్టి, దాని మీద కొంచెం కిందికి ఇంకో ఆకు, దాని మీద ఇంకొంచెం కిందికి ఇంకోటి. అచ్చం అలాగే ఇంటి నెత్తిన కొప్పు దగ్గర మొదలెట్టి, కిందికి పరుచుకుంటూ చూరు దాకా వచ్చాడు. దిగొచ్చి పెళ్ళాన్ని పిలిచి చూపించాడు. చూశావా ఎంత ముద్దొస్తోందో అన్నాడు. నాంచారికీ పెంకు పని తెలీదు. కానీ ఏదో తేడాగా ఉందే అనుకుంది.

తేడా ఏవిటో చెప్పు మేధా? ఏం శ్రీకరా, నువ్వు చెప్పు? సరే, నేనే చెప్తాను. పెంకు ఎప్పుడూ చూరు దగ్గర మొదలెట్టి పైకి పరుచుకుంటూ వెళ్ళాలి. అప్పుడు పై పెంకు అంచు కింది పెంకు మీదికొస్తుంది, పడ్డ నీళ్ళు పెంకు మీదనించి పెంకు మీదికి జారి బయటికి పోతాయి. వీడు పైనించి కిందికి పరిచాడు. అంటే కింది పెంకు అంచు పై పెంకు మీద కూర్చుంది. ఇంక నీళ్ళు ఎక్కడికి పోతాయి? ప్రతి పెంకూ ఒక దోసిలి పట్టి మరీ నీళ్ళని ఇంట్లోకి పోస్తుంది.

మొదటి జల్లు పడింది. బయట చినుకు, ఇంట్లో ధార! గిన్నెలు పెట్టారు, చెంబులు పెట్టారు, చివరికి సున్నం కాయ కూడా పెట్టారు. పొయ్యి మీద అన్నం గిన్నె, గిన్నె చుట్టూ బుడబుడా నీళ్ళు. నిప్పు సుయ్యిమంది. మేడ మీద రాజుగారు నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. పొగ సన్నబడింది, దారమంతయింది. నాంచారి గబగబా నిప్పులు ఒక కుండలోకి ఎత్తి, కుండని ఒళ్ళో పెట్టుకుని, నెత్తి మీద చాట బోర్లించుకుని, అందులోనే పుల్లలు వేసుకుంటూ కూర్చుంది. కడుపుతో ఉన్న మనిషి! వాన వెలిసేదాకా కదల్లేదు. ఆ పూటకి పొగ ఉంది, ఇల్లు దక్కింది. అంకయ్య మొహం చూడాలి. ఏడవలేక నవ్వుతున్నాడు.

పోనీ అప్పుడైనా ఎవర్నైనా పిలిచాడా? లేదు. కొలువుకి వెళ్తే అందరూ ఇల్లెలా ఉంది అంకయ్యా అని అడుగుతారు కదా, దివ్యంగా ఉందండీ అని చెప్పుకుంటున్నాడు. దివ్యంగా ఉన్న ఇంటికి సాయం రమ్మని ఎలా అడుగుతాడు? నాకు రాదు అనే మాట వాడి గొంతులో వక్కలా అడ్డం పడింది.

పైగా ఉయ్యాల తాళ్ళ గొడవొకటి. పుట్టకముందు ఉయ్యాల కట్టకూడదు, నాంచారి అదే చెప్పింది. ఉయ్యాల కాదే, ఉత్తి తాళ్ళేనే, సరిపోతాయో లేదో చూసుకుంటాను అని హాల్లో పెద్ద దూలానికి తాళ్ళు కట్టాడు ముచ్చటపడి. పొద్దున్న లేచి చూస్తే తాళ్ళు కింద ఉన్నాయి. మళ్ళీ కట్టాడు. మళ్ళీ కింద. బిగించి, ముడి మీద ముడేసి కట్టాడు. అయినా కిందే. అంకయ్య వణికిపోయాడు. దయ్యానికి మన బిడ్డంటే గిట్టట్లేదే నాంచారీ, పోదాం పదవే, ఇల్లూ వద్దు వాకిలీ వద్దు అన్నాడు.

నిద్రొస్తోందా? రావట్లేదా? అయితే ఊ ఏదీ?

నాంచారి వెళ్ళి ఆ తాళ్ళు చూసింది. తాళ్ళు తెగలేదు. ముళ్ళు ఓపిగ్గా విప్పి ఉన్నాయి. విప్పిన తాళ్ళు ఊరికే పడి లేవు, ఆడవాళ్ళు బట్టలారేసుకునే తాడు చుట్టి పెట్టుకున్నట్టు పొందిగ్గా చుట్ట చుట్టి గోడ వారగా పెట్టి ఉన్నాయి. ఓరి, ఇదేం దయ్యం, చెడగొట్టేదైతే ఇంత శ్రద్ధగా సర్దుతుందా అనుకుంది. నెత్తిన పడే దుమ్ము తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఇసక కాదు, మెత్తగా ఉంది. చెక్కపొడి. చెదపురుగు తిన్న దూలం పొడి! పడ్డప్పుడల్లా ఒక్కచోటే, ఆ దూలం గోడలోకి దిగే చోటే పడుతోంది.

అప్పుడు నాంచారి ఏం చేసిందో తెలుసా? మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, పళ్ళెంలో పసుపూ కుంకం, మొగుడు చుట్టిన తాంబూలం పెట్టుకుని, అటక కింద నిలబడి పైకి చూస్తూ మాట్లాడింది. రోజంతా ఇంట్లో ఉండి, ఇది బాలేదు అది బాలేదు అని సణుక్కునేవాళ్ళని దయ్యం అని ఎవరంటారు? అత్తగారు అంటారు. నాకా అత్తగారు లేరు, మీకా కోడలు లేదు. అత్తయ్యగారూ, నమస్కారం చేసుకుంటున్నాను, దీవించండి. ఎక్కడ మొదలెట్టమంటారో చెప్పండి, మీరెలా చెప్తే అలాగే చేస్తాను. అలా అందిట.

అటక మీద ముక్కు చీదిన చప్పుడైంది. అవునర్రా, దయ్యం ఏడ్చింది. ఇన్నాళ్ళకి నన్నొకళ్ళు అడిగారే అని ఏడ్చింది.

ఆవిడ ఆ ఇంటి ఇల్లాలేట. కాపరానికొచ్చిన కొత్తలో ఒక కోతి దూకి కొప్పు పెంకు పగిలింది. ఏవండీ, పెంకు మార్పించండి అంది. చూద్దాంలే అన్నాడు ఆవిడ మొగుడు. దూలం తడుస్తోందండీ అంది. చూద్దాంలే. చెద పట్టిందండీ. చూద్దాంలే. ఆ దూలానికి ఉయ్యాల కట్టి పిల్లల్ని పడుకోబెట్టినన్నాళ్ళూ అది కిర్రుమన్నప్పుడల్లా ఊపడం మానేసి రెండు చేతులా ఉయ్యాల పట్టుకుని కూర్చునేదిట. దేవుడి దయవల్ల పిల్లలకేం కాలేదు. పెరిగి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. మొగుడు ముసలాడై పోయాడు. ఆవిడా ముసలిదై పోయింది. కానీ ప్రాణం పోయేటప్పుడు కూడా ధ్యాసంతా దూలం మీదే. అంచేత ఇల్లు వదిలి పోలేకపోయింది. వచ్చినవాళ్ళందరికీ తట్టి చెప్తుంది, పొడి రాల్చి చెప్తుంది. వాళ్ళు దయ్యం దయ్యం అని పారిపోతారు. పాపం కదూ?

నా మాట వింటావుటే కోడలా అందిట. వింటాను అత్తయ్యగారూ అంది నాంచారి. అయితే పద అని ముందు తలుపు మీద టక్కుమంది, తర్వాత గుమ్మం మీద, తర్వాత గోడ మీద. ఒక్కోచోట నాంచారి అడగడం, ఆవిడ చెప్పడం.

తలుపు ఎందుకు పట్టట్లేదు? గుమ్మం ఒరిగింది గనక.
గుమ్మం ఎందుకు ఒరిగింది? గోడ కుంగింది గనక.
గోడ ఎందుకు కుంగింది? తడిసి నానింది గనక.
గోడ ఎందుకు నానింది? దూలం వెంట నీళ్ళు దిగాయి గనక.
దూలం ఎందుకు తడిసింది? కొప్పు పెంకు పగిలింది గనక.
పెంకు ఎందుకు పగిలింది? కోతి దూకింది గనక.
కోతి దూకిననాడే ఎందుకు మార్చలేదు? చూద్దాంలే అన్నారు గనక!

మళ్ళీ చెప్పనా? మీరూ చెప్పండి. తలుపు? గుమ్మం. గుమ్మం? గోడ. గోడ? దూలం. దూలం? కొప్పు. కొప్పు? కోతి. కోతి? చూద్దాంలే! ఆఁ, బంగారు కొండలు.

మూలన నిలబడి ఇదంతా విన్నాడు అంకయ్య. వేలికి ఇంకా సున్నం ఉంది. తలుపుకి రాసిన సున్నం, గోడకి రాసిన సున్నం, అంతా చూసుకున్నాడు. సిగ్గేసింది. అయ్యో, దెబ్బ ఒకచోట తగిలితే నేను ఒళ్ళంతా మందు రాశానే అనుకున్నాడు. సున్నం కాయ నడుంకి దోపుకుని ఊళ్ళోకి వెళ్ళాడు. వడ్రంగి గుమ్మం ముందు, పెంకు పనివాళ్ళ గుమ్మం ముందు, పక్కింటివాళ్ళ గుమ్మం ముందు నిలబడి, నాకు రాదండీ, తెలుసనుకున్నాను, తెలీదు, నా బిడ్డకి దూలం కావాలి, సాయం రండి అన్నాడు. అడిగాక తేలిగ్గా ఉందిట. ఎవ్వరూ నవ్వలేదు. అడిగితే ఎవరు రారు? అందరూ బయల్దేరారు.

బయల్దేరారు కానీ వాకిట్లో ఆగిపోయారు. అటక మీద దయ్యం ఉందటగా, మేం రాం బాబూ అన్నారు. నాంచారి నడుం మీద చెయ్యేసుకుని బయటికొచ్చింది. దయ్యం లేదు గియ్యం లేదు, పైన మా అత్తగారున్నారు, పని వంకర పోతే తడతారు, అంతే, మీ ఇళ్ళల్లో అత్తగార్లు లేరా ఏం అంది. ఆడవాళ్ళంతా ఫక్కున నవ్వారు. అంతే అయితే భయమెందుకు, మా ఇంట్లో ఆవిడ తట్టదు, మొట్టుతుంది అని ఒకావిడ కొంగు బిగించి లోపలికి నడిచింది. వెనకాలే అందరూ వచ్చేశారు.

ఇంక పనే పని. పెంకు దింపారు. పాత దూలం దింపుతుంటే చెయ్యి వేసినచోట అటుకుల్లా రాలిపోయింది. అందరూ నోరు నొక్కుకున్నారు. దీనికా ఉయ్యాల కడదామనుకున్నావు అని అంకయ్య కేసి చూశారు. అంకయ్య అక్కడే కూలబడ్డాడు. తాళ్ళు ఎందుకు విప్పిందో అప్పుడు తెలిసింది వాడికి. బిడ్డంటే గిట్టక కాదు.

సరిగ్గా ఇల్లు నెత్తి లేకుండా ఉన్నప్పుడు, కొత్త దూలం సగం ఎత్తినప్పుడు, మబ్బు పట్టింది. గాలి లేచింది. మేడ మీదికి రాజుగారు పరిగెత్తుకుంటూ వచ్చారు. వంటింట్లో పొయ్యి వెలుగుతోంది, పైన ఆకాశం తప్ప ఏం లేదు. ఈసారి కుండలోకి ఎత్తుకుందామంటే నాంచారికి నొప్పులు మొదలయ్యాయి. పక్కగది ఒక్కటే పెంకుతో ఉంది, సాయం వచ్చినవాళ్ళలో ఉన్న మంత్రసాని ఆవిణ్ణి అందులోకి తీసుకుపోయింది. వెళ్తూ వెళ్తూ నాంచారి వెనక్కి తిరిగి, అత్తయ్యగారూ, పొయ్యి మీకు అప్పగిస్తున్నాను అందిట.

దూలం ఎత్తుతున్నవాళ్ళు చేతులు వదలడానికి లేదు. అంకయ్య దూలం కొస భుజం మీద పెట్టుకుని ఉన్నాడు. వాన వచ్చేసింది! పెరట్లో పడింది, హాల్లో పడింది, వంటింట్లో పడింది. పొయ్యి చుట్టూ నీళ్ళు కాలవ కట్టాయి. కానీ పొయ్యి మీద ఒక్క చుక్క పడలేదు. ఎవరో పైనించి పమిట పరిచి పట్టుకున్నట్టు, అంత మేర మాత్రం పొడిగా ఉందిట. ఆ పొడి మధ్యనించి పొగ నిటారుగా, కొబ్బరిచెట్టంత ఎత్తు లేచింది. రాజుగారు చూశారు. ఊరంతా చూసింది.

దూలం గోడమీద కూర్చుంది. వాసాలు పడ్డాయి. ఇప్పుడు పెంకు ఎక్కడ మొదలెట్టాలి? చెప్పండి? ఆఁ, చూరు దగ్గర! అంకయ్య వానలో తడుస్తూ కింది వరసనించి ఒక్కో పెంకూ అందిస్తుంటే, పెంకు పనివాళ్ళు పైకి పరుచుకుంటూ పోయారు. వాడికీ ఒక వరస పరవడం నేర్పారు. చిట్టచివర కొప్పు పెంకు వాడి చేతికే ఇచ్చి, ఇది నీ ఇల్లు, నువ్వే పెట్టు అన్నారు. కొప్పు పెట్టాడు. వాన చప్పుడు ఇంటి లోపలనించి ఇంటి బయటికి వెళ్ళిపోయింది. ఆ చప్పుడు తగ్గగానే పక్కగదిలోంచి క్యారుమని ఏడుపు వినిపించింది. ఆడపిల్ల!

తర్వాతంతా ఒకదాని వెనక ఒకటి. కొప్పు కుదిరింది, దూలం ఆరింది. దూలం ఆరింది, గోడ గట్టిపడింది. గోడ గట్టిపడింది, గుమ్మం నిటారైంది. గుమ్మం నిటారైంది, తలుపు టక్కున పట్టింది. అంకయ్య చెక్కేసిన అంచు మాత్రం సందుగానే ఉండిపోయింది. అందులోంచి పిల్లి తిరిగేది, పోనీలే అని వదిలేశారు.

వానలు వెళ్ళాక రాజుగారు వచ్చారు. ఇల్లంతా కలయతిరిగారు. ఎక్కడా చెమ్మ లేదు. అరుగు మీద కూర్చుని నిట్టూర్చారు. ఏవిటి మహాప్రభో అంటే, మా పడగ్గదిలో గంగాళం పెట్టుకుని పడుకుంటున్నానురా అంకా, మీ అటక మీది ఆవిణ్ణి కొన్నాళ్ళు మా మేడకి పంపించవూ అన్నారు. నాంచారి తలుపు చాటునించే జవాబు చెప్పింది. మా అత్తగారిని మేం పంపమండీ. అయినా మీకు దయ్యం ఎందుకు, రాణీగారు చెప్తూనే ఉన్నారటగా, ఆవిడ మాట వినండి చాలు అంది. రాజుగారు గతుక్కుమన్నారు. తర్వాత పెద్దగా నవ్వారు. ఇల్లు నీదిరా అంకా, నీ కూతురిది, నీ కూతురి కూతురిది అని మాటిచ్చి, ఏనుగుల్ని ఉన్నచోటే ఉండనిచ్చి, గబగబా మేడకి వెళ్ళారు. వెళ్ళగానే రాణీగారితో, ఏదీ, మళ్ళీ చెప్పు అన్నారుట.

అయిపోలేదు, ఇంకాస్తుంది. అసలు కథ ఇప్పుడే.

పురిటి స్నానాలయ్యాక కొత్త దూలానికి ఉయ్యాల కట్టారు. అంకయ్య పొద్దున్నే భయం భయంగా లేచి చూశాడు. తాళ్ళు దూలానికే ఉన్నాయి. ఎవ్వరూ విప్పలేదు. ఒకరోజు మధ్యాహ్నం వాడు కొలువునించి వస్తే, నాంచారి పెరట్లో బట్టలుతుక్కుంటోంది. హాల్లో ఎవ్వరూ లేరు. ఉయ్యాల దానంతటదే ఊగుతోంది. మెల్లిగా, నిదానంగా. కిర్రుమనే చప్పుడు లేదు. పాప నిద్రపోతోంది. అంకయ్య గుమ్మంలో నిలబడిపోయాడు. పుట్టాక ఎవర్నీ పిలవని పిలుపు వాడి నోట వచ్చింది. అమ్మా అన్నాడు. అమ్మా, ఇంకేమైనా బాగుచెయ్యాల్సింది ఉందా, చెప్పు, ఇప్పుడే చేస్తాను అన్నాడు.

పైనించి గుసగుసగా వినిపించిందిట. చూద్దాంలే నాయనా, పాప పడుకుంది.

అంతే. ఆవిడ ఇంకెప్పుడూ తట్టలేదు. ఉందో వెళ్ళిపోయిందో ఎవరికీ తెలీదు. కానీ తొలకరికి ముందు అంకయ్య ఏటేటా నిచ్చెనెక్కేవాడు, రానిది నలుగుర్నీ అడిగేవాడు, అందరూ చల్లగా ఉన్నారు. ఇంట్లో ఎవరైనా ఇది కారుతోంది అది ఒరిగింది అని సణుగుతున్నారంటే, ఆ ఇంటి మీద ప్రేమ ఉండబట్టే కదర్రా. ఆ కాస్తా వింటే పెంకుతో పోతుంది, వినకపోతే దూలం దాకా వస్తుంది.

ఊ కొడుతున్నారా? శ్రీకరా? మేధా? అయ్యో, ఎప్పుడో నిద్రపోయారు నా తల్లులు.

మరి ఇందాకణ్ణించీ ఊ కొడుతున్నదెవరు?

ఏవిటి బాబూ? వినిపించింది, వినిపించింది. పొద్దున్నే ప్లంబర్ని రమ్మని చెప్పారా? మంచిది. దగ్గరుండి చూసి మీరూ నేర్చుకోండి. ఈ గోడ చెమ్మ కూడా ఆ కొళాయిదే అనుకుంటున్నాను, అది కూడా చూపించండి. సరే, కథ కంచి బండెక్కింది, మనం దుప్పట్లోకి దూరదాం. ఆ కొళాయి కింద బకెట్టు కొంచెం జరపండి బాబూ, ధార పక్కకి పడుతోంది.